మా గడ్డి గొడవ

బెంగళూరు,
ఏప్రిల్ 12

ఒరేయ్ శీనూ,

ఉత్తరం లేదు పత్రం లేదు అని తిట్టుకుంటున్నావని తెలుసు. ఇక్కడ నాకు జీతం లేని కొలువు ఒకటి తగిలించార్రా. మా అపార్ట్‌మెంట్ నీళ్ళ కమిటీలో వేశారు. "అనంతపురం వాళ్ళు కదా, నీళ్ళ విలువ మీకే తెలుసు" అన్నారు. పొగిడారో ఎత్తిపొడిచారో ఇప్పటికీ తేలలేదు.

మార్చిలో ఒక బోరు ఎండిపోయింది. రోజుకి మూడు ట్యాంకర్లు. ఇంకేం, మీ వల్లంటే మీ వల్లని మొదలు. ఎక్కువమంది కార్లు కడిగేవాళ్ళ మీద పడ్డారు. నా అనుమానం మాత్రం గేటు పక్క లాన్ మీద. పోయినేడు నువ్వు పడుకుని ఫోటో తీయించుకున్నావే, అదే. వెయ్యి చదరపు మీటర్లుంటుంది. ఎండాకాలంలో గడ్డికి రోజుకి ఐదు మిల్లీమీటర్ల దాకా నీళ్ళు కావాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరంటే లీటరు. లెక్కేసుకో, 5,000 లీటర్లు. మా ట్యాంకరు 12,000. అదీ పొదుపుగా పోస్తే! మావాళ్ళు మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్ తిప్పి, సిమెంటు దారికి కూడా తలంటు పోస్తున్నారు.

మీటింగులో చెప్తే మూడో అంతస్తు పెద్దాయన లేచాడు. లాన్ ఎండితే ఫ్లాట్ల రేటు పడిపోతుందట. తాగే నీళ్ళతో తోట తడిపినా, కారు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి 2024 మార్చిలో చెప్పింది, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ చెప్పింది అన్నాను. "మనది కావేరి నీళ్ళు కాదుగా, ట్యాంకరు నీళ్ళు" అన్నాడు. ట్యాంకరు నీళ్ళు ఆకాశంలోంచి ఊడిపడతాయా? ఎవరి ఊరి బోరో ఎండగట్టి తెస్తారు. కావేరి సంగతి సరే, వంద కిలోమీటర్ల అవతల్నుంచి, అర కిలోమీటరు ఎత్తుకి మోటార్లతో ఎక్కించాలి.

దారి చూపించింది మా మాలి. కోలారు వైపు చింతామణి ఊరి మనిషి, తెలుగే మాట్లాడతాడు. "దినామూ తడిపితే ఏర్లు పైపైనే ఉంటాయి సార్. మూడు దినాలకొక తూరి బాగా తడిపితే లోపలికి దిగుతాయి" అన్నాడు. ఈ మాట అతన్ని ఇన్నాళ్ళూ ఎవరూ అడగనే లేదు! ఇప్పుడు తెల్లవారుజామునే తడుపుతున్నాడు. చెట్ల మొదళ్ళలో ఎండుటాకులు పరిచాడు. సగం లాన్ పీకేసి నందివర్ధనం, నూరువరహాలు పెట్టాం. మురుగు శుద్ధి చేసిన నీళ్ళు ఇంతకుముందు మిగిలినవన్నీ కాలవలోకి వదిలేసేవాళ్ళు, వాటికి తోటదాకా పైపు వేయించాం. మొదటి వారం వాసనకి అందరూ నన్నే తిట్టారు. ఫిల్టరులో కార్బన్ మార్పించాక తగ్గింది, వాసనా, తిట్లూ.

ఇప్పుడు రెండు ట్యాంకర్లతో గడుస్తోంది. గడ్డి కాస్త పచ్చబడింది, అంటే పసుపుపచ్చగా.

నిన్న పొద్దున్నే ఆ పెద్దాయన బకెట్టుతో కనిపించాడు. దొరికాడు అనుకున్నా. తీరా చూస్తే ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ళు! నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేనూ ఏమీ ఎరగనట్టు పేపరు తీసుకుని లోపలికొచ్చేశా.

మీ బావి ఎలా ఉంది? నాన్నగారిని అడిగానని చెప్పు. ఆవకాయ మరిచిపోకు.

నీ
రాజు