కళ్ళు మూసుకుని కూర్చున్న వాళ్ళ మధ్యలోకి లోన్ యాడ్ వదిలారు, దీనికి సమాధానం కావాలి

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్తే అండి. నేను నెల్లూరులో ఉంటాను, దర్గామిట్ట దగ్గర మా కమ్యూనిటీ హాల్లో శనివారం సాయంత్రాలు గ్రూప్ మెడిటేషన్ చేయిస్తుంటాను. ఎవరి దగ్గరా పైసా తీసుకోను, హాలు కూడా కాలనీ వాళ్ళు ఊరికే ఇస్తున్నారు. డిసెంబర్ 21 ప్రపంచ ధ్యాన దినోత్సవం ఆఫర్ అని మీరు పంపిన మెసేజ్ చూసి మీ ధ్యానం యాప్‌లో గ్రూప్ ప్లాన్ ఏడాదికి 3,499 రూపాయలు కట్టి తీసుకున్నాను. ఐక్యరాజ్యసమితి ఆ రోజుని ప్రకటించింది 2024లో, అప్పట్నుంచి ఆ తేదీ వస్తే ఆఫర్లు బాగానే పెడుతున్నారు, మంచిదే, కానీ ధ్యానం పేరు చెప్పి అమ్మినప్పుడు ధ్యానం చేసే వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి గదా. ప్లాన్ పేజీలో యాడ్స్ ఉండవు అని పెద్ద అక్షరాలతో రాసుంది, స్క్రీన్‌షాట్ జత చేశాను చూడండి.

పోయిన శనివారం ఏం జరిగిందో చెప్తాను. కింద కూర్చోలేని వాళ్ళకి కుర్చీలేసి, ట్యూబులైట్లు ఆపేసి, మీ అరగంట సెషన్ స్పీకర్‌కి కనెక్ట్ చేసి పెట్టాను. మొదట్లో బానే నడిచింది. శ్వాస గమనించడం అయింది, ఒళ్ళు వదులు చేయడం అయింది, ఆ తర్వాత ఏడు నిమిషాలు మౌనం వస్తుంది, మా వాళ్ళందరికీ అన్నిటికన్నా ఇష్టమైంది అదే. మా గ్రూపులో ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే ఒకాయన ఉన్నాడు, రాత్రుళ్ళు కరెంటు పోతే గుంటల్లో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయని, తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా పోతుందని గట్టు మీదే కూర్చునే మనిషి, నిద్ర కోసమే మా దగ్గరికి వస్తున్నాడు. ఆయన దవడ ఎప్పుడూ బిగబట్టే ఉంటుంది. ఆ రోజు ఆ దవడ మెల్లగా వదులవ్వడం, భుజాలు కిందికి దిగడం, ఒళ్ళో పెట్టుకున్న పిడికిళ్ళు విచ్చుకోవడం నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడు స్పీకర్లోంచి "అర్జెంటుగా డబ్బు కావాలా, ఐదే నిమిషాల్లో లోన్" అని ఒక గొంతు, వెనక డప్పుల మ్యూజిక్కు, అదీ మీ సెషన్ వాల్యూమ్ కంటే ఎక్కువ సౌండుతో!

ముందు వరసలో ఉన్న పెద్దమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని వణికిపోయింది, ఆమెకి బీపీ. నీళ్ళు తాగించి ఫ్యాన్ కింద కూర్చోబెట్టేసరికి మిగతా వాళ్ళందరూ లేచిపోయారు. రొయ్యల గుంటలాయన మాత్రం చెప్పులేసుకుంటా "ఇక్కడ కూడా అప్పేనామ్మా" అని ఒక్క మాటని వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ వస్తాడో రాడో కూడా నాకు తెలీదు.

దీని మీద మీ సపోర్ట్ నుంచి వచ్చిన జవాబు "చిన్న అంతరాయానికి చింతిస్తున్నాం, యాప్ అప్‌డేట్ చేసుకోండి" అని. చిన్న అంతరాయం కాదండి ఇది, ఎందుకు కాదో వివరంగా రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

బయటి శబ్దాలు మాకు కొత్త కాదు. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, మైకులు, ఆటోలు, పోలీసు అనౌన్స్‌మెంట్లు, ఆ రోజుల్లో కూడా మేం కూర్చున్నాం, బాగా కూర్చున్నాం. శబ్దం వస్తుంది పోతుంది, దాంతో గొడవ పెట్టుకోకుండా మళ్ళీ శ్వాస దగ్గరికి రండి అని చెప్తాను, వాళ్ళు వస్తారు. కానీ స్పీకర్లోంచి వచ్చే గొంతు అలాంటిది కాదు. అప్పటిదాకా ఆ గొంతు కళ్ళు మూసుకోమంటే మూసుకున్నారు, భుజాలు వదలమంటే వదిలారు, మనసు దాని చేతికి ఇచ్చేసి కూర్చున్నారు. దాన్ని నమ్మారు కాబట్టే కాపలా తీసేసి కూర్చున్నారు. అదే స్పీకర్లోంచి లోన్ తీసుకో అని అరిస్తే అది బయటి శబ్దంలా పక్కకి పోదు, సూటిగా లోపలికి దిగుతుంది. మీకు అది ఖాళీ టైం, యాడ్ పెట్టుకునే స్లాట్. మాకు అసలు సెషన్ అదే, మిగతా మాటలన్నీ అక్కడిదాకా తీసుకెళ్ళడానికే.

నోటితో చెప్పుకోవచ్చుగా యాప్ ఎందుకు అని మీరు అడగొచ్చు. గ్రూపుకి చేయించే వాళ్ళు తమ కళ్ళు పూర్తిగా మూసుకోకూడదు. ఒకళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒకళ్ళు నిద్రలో పక్కకి ఒరుగుతారు, ఒక్కోసారి ఎవరికో ఉన్నట్టుండి ఏడుపొస్తుంది, అప్పుడు వాళ్ళని ముట్టుకోకుండా, పేరు పెట్టి పిలవకుండా దగ్గరికెళ్ళి కూర్చోవాలి, కళ్ళు తెరవాలనిపిస్తే తెరవచ్చు అని మెల్లగా చెప్పాలి. ఇవన్నీ చూసుకుంటా మాట తడబడకుండా అరగంట చెప్పడం కష్టం, అందుకే మధ్య భాగానికి రికార్డింగ్ పెట్టుకుంటాను. అంటే నా గ్రూపులో సగం బాధ్యత మీ చేతికిచ్చాను అని అర్థం.

ఇంకా అప్‌డేట్ చేసుకోండి అన్నారు కదా, ఆ అప్‌డేట్ తర్వాతే సెషన్లు పాడయ్యాయి. ఒళ్ళంతా గమనించే సెషన్లో ఇంతకుముందు ఒక వరస ఉండేది. యోగనిద్ర అయితే కుడిచేతి బొటనవేలితో మొదలుపెడతారు, 1979లో అమెరికాలో జాన్ కబట్ జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులో బాడీ స్కాన్ ఎడమకాలి వేళ్ళ నుంచి మొదలవుతుంది, ఏ పద్ధతైనా సరే వరస మారదు, నాలుగు వారాలు విన్నాక తర్వాత ఏం వస్తుందో ఒంటికే తెలిసిపోతుంది, ఆలోచించాల్సిన పనుండదు. మీరిప్పుడు ప్రతిసారీ కొత్తగా ఉండాలని కలిపేసినట్టున్నారు, నుదురు తర్వాత మోకాలు, మోకాలు తర్వాత మెడ, మళ్ళీ మడమ. మా వాళ్ళు గమనించడం మానేసి వెతుక్కుంటున్నారు.

దీనికంటే పెద్ద తప్పు, శ్వాస సెషన్లో ఊపిరి బిగబట్టమని లెక్కపెట్టించడం. ఇది కొత్తగా చేర్చారు, చెప్పకుండా చేర్చారు. మా గ్రూపులో చాలామంది పిరమిడ్ ధ్యానం చేసొచ్చిన వాళ్ళు, ఆనాపానసతిలో శ్వాసని మార్చడమే ఉండదు, వచ్చేదాన్ని పోయేదాన్ని చూడటమే, శ్వాస మీద ధ్యాస అంటారే అదే. ఊపిరి బిగబట్టే కుంభకం వేరే సాధన, గురువు దగ్గర కూర్చుని ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు నేర్చుకునేది, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణీలు ఊపిరి బిగబట్టకూడదని యోగా నేర్పే ఎవరైనా ముందే చెప్తారు. ఎవరు కూర్చున్నారో కూడా తెలీకుండా గుంపు మొత్తానికి ఒకటే లెక్క ఎలా పెడతారండి? కనీసం ముందు ఒక హెచ్చరిక కూడా లేదు. నేను పాజ్ కొట్టి, ఎవరూ బిగబట్టొద్దు మామూలుగా పీల్చండి అని నోటితో చెప్పాల్సొచ్చింది.

ముగింపు కూడా మార్చేశారు. ఇంతకుముందు సన్నటి గంట మోగేది, వేళ్ళు కదిలించండి, అరచేతులు రుద్ది కళ్ళ మీద పెట్టుకోండి, మెల్లగా తెరవండి అని చెప్పేది, అది సరైన పద్ధతి. ఇప్పుడు దబ్బుమని డ్రమ్ము మోగి వెంటనే లేచి నిలబడి చేతులు పైకెత్తండి అంటోంది. అరగంట కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ళు, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళు, ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఒక రిటైర్డ్ మాస్టారు అలాగే లేచి తూలితే పక్కనున్న కుర్రాడు రెక్క పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది, పడుంటే తుంటి ఎముక విరిగేది, అప్పుడు కూడా చిన్న అంతరాయం అనే రాస్తారా?

ఇక డబ్బుల సంగతి. ఏడాది ప్లాన్ కట్టేశాక కూడా సౌండ్ ప్యాక్ పేరుతో నెలకి 299 చొప్పున ఆటోపే పెట్టారు, అది నేను అడగలేదు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది కాబట్టి బ్యాంకు నుంచి మెసేజొచ్చి తెలిసింది. క్యాన్సిల్ చేద్దామంటే ఆ బటన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాచారు, నొక్కితే మళ్ళీ ఆఫర్ పేజీకే పోతోంది. అడక్కుండా బిల్లులో కలపడం, బయటికి రాకుండా చందాలో ఇరికించడం, ఇవి రెండూ 2023లో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్, అంటే కస్టమర్లని తప్పుదారి పట్టించే యాప్ ఎత్తుగడల లిస్టులో ఉన్నవే. మీ చాట్‌లో ఎన్నిసార్లు రాసినా అదే బాట్ అదే జవాబు.

నాకు కావాల్సింది ఇది. ఏడాది డబ్బులో మిగిలిన నెలలకి తగ్గట్టు, సౌండ్ ప్యాక్ కింద కోసింది మొత్తం వెనక్కి వెయ్యండి. గ్రూప్ ప్లాన్‌లో మౌనం మధ్యలో యాడ్ ఎలా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పండి, ఇంకెప్పుడూ రాకుండా ఆపండి. ఊపిరి బిగబట్టే భాగం తీసి విడిగా హెచ్చరికతో పెట్టండి, పాత వరస, పాత ముగింపు తిరిగి తెప్పించండి. ఇకమీదట రికార్డింగులో ఒక్క మాట మార్చినా చేయించే వాళ్ళకి ముందుగా తెలియజేయండి, మేం విని చూసుకున్నాకే మా వాళ్ళకి వినిపిస్తాం. డబ్బు వెనక్కి ఇచ్చి చేతులు దులుపుకుంటే ఊరుకోను, ఎందుకంటే నాలాగా వేరే ఊళ్ళలో చేయించే వాళ్ళకి కూడా ఇదే సెషన్ పోతోంది, వాళ్ళ దగ్గర కూడా ఎవరో ఒక పెద్దమ్మ ముందు వరసలో కూర్చునే ఉంటుంది.

2020 ఈ కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అది జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేస్తాను, ఆ తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను, ఐదు లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు. స్క్రీన్‌షాట్లు, బ్యాంకు మెసేజ్‌లు, ఆ యాడ్ వినిపించిన రికార్డింగ్ అన్నీ ఈ మెయిల్‌కి జత చేశాను. బాట్ కాకుండా మనిషి ఫోన్ చెయ్యండి, నా నంబర్ మీ దగ్గరుంది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఎప్పుడైనా పర్లేదు.

ఇట్లు,
మీ గ్రూప్ ప్లాన్ కస్టమర్,
నెల్లూరు