బందరు దెయ్యాల నడకకు తెల్లచీరలు వద్దు

సంపాదకులకు,

ఇంగ్లండులోని యార్క్‌లోలాగా మన పాత ఊళ్లలోనూ సాయంత్రం పూట ‘ఘోస్ట్ వాక్’లు (జనాన్ని పాత వీధుల్లో నడిపిస్తూ దెయ్యాల కథలు చెప్పడం) పెడితే జనం వస్తారన్న మాట వినిపిస్తోంది. అందుకు తగిన ఊరు బందరు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లలోనే డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వాళ్ల జాడలున్నాయి. కానీ ఎవరికో తెల్లచీర కట్టి, గజ్జెలు మోగించి నడిపిస్తే నాలుగు వారాలు కూడా నిలవదు.

ముందు వేళ సంగతి. డచ్ శ్మశానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇలాంటి కట్టడాల్లోకి మామూలుగా పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకే ప్రవేశం. బందరులో నవంబరు మధ్యకల్లా 5.30కే పొద్దుగుంకుతుంది, మేలో దాదాపు 6.30కి. ఏడాదంతా ‘సాయంత్రం 6 గంటలకు’ అని టికెట్టు మీద అచ్చువేస్తే చలికాలమంతా గేటు బయటే నిలబడాలి. పొద్దుగుంకడానికి 45 నిమిషాల ముందు శ్మశానంలో మొదలుపెట్టి, చీకటిపడ్డాక వీధుల్లోకి రావాలి. పొద్దుగుంకే ముందటి ఏటవాలు ఎండలో సమాధి రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాలు కూడా తేలి కనిపిస్తాయి. మబ్బుగా ఉంటే టార్చిని రాతికి పక్కనుంచి పట్టాలి, ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు. అక్షరాల మీద సుద్ద రుద్దొద్దు, రాయి పాడవుతుంది.

కథలకు కొదవ లేదు. 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్‌ను పాతిపెట్టడానికి మతపెద్దలు ఒప్పుకోలేదనీ, ఆమెను ప్రేమించిన జనరల్ జాన్ పేటర్ ఆమె సమాధి మీదే సెయింట్ మేరీ చర్చి కట్టించాడనీ, దేహాన్ని అద్దాల పెట్టెలో ఉంచారనీ చెప్పుకుంటారు. ఆ ‘చెప్పుకుంటారు’ అన్న ముక్కను గైడు మింగేయకూడదు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ ఫ్రెంచివాళ్ల కోట మీద పడింది, కొందరు బురదలో దిగి నడిచారు. కోట తీరం వైపు దూరంగా ఉంది కాబట్టి కథ చెబితే చాలు, అక్కడిదాకా నడిపించొద్దు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అది చెప్పొచ్చు, గొంతు తగ్గించి. 1977 ఉప్పెనలో పోయినవాళ్లను మాత్రం దెయ్యాలను చేయొద్దు, వాళ్ల పిల్లలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. మనుషులు కాపురముంటున్న ఇల్లు చూపించి ‘ఇందులో ఏదో ఉంది’ అనడమూ తగదు. ఇల్లు అద్దెకు పోకపోవడం ఒక్కటే కాదు, చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపుతున్న రోజులివి.

జట్టుకు 15 మంది చాలు, చివర టార్చితో ఒక మనిషి. ఆరు చోట్ల ఆగి, ఒక్కోచోట ఆరేడు నిమిషాలు చెబితే గంటన్నరలో అయిపోతుంది. పాతికమంది దాటితే వెనకవాళ్లకు వినపడదు. గైడు అరుస్తాడు, అరిచాక ఇక భయం ఎక్కడిది? మైకు పెడితే వీధివాళ్లు ఊరుకోరు. శ్మశానంలో గడ్డి ఉంటుంది, పాముల భయముంది, బూట్లు వేసుకురమ్మని ముందే చెప్పాలి. సందు మలుపులో ఎవరో ఒక్కసారిగా మీదికి దూకడం అసలే వద్దు. జనం బెదిరి వెనక్కి అడుగేస్తారు. మన సందుల్లో వెనక ఉండేది మూతలేని మురుగుకాలువే.

ఇట్లు,
ఒక హెరిటేజ్ వాక్ గైడు,
కృష్ణా జిల్లా