ఒక్క ప్రశ్నకు ఏడు ఫోన్లు, జవాబు లేకుండానే మూసేసిన ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

నిన్న సాయంత్రం మీ సంస్థ నుంచి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. ధన్యవాదాలు." ఏ సమస్య పరిష్కారమైంది? ఎవరు పరిష్కరించారు? ఇరవై ఆరు రోజులుగా మీ ఇసబ్‌గోల్ (నీళ్లలో కలుపుకుని తాగే పీచు) డబ్బా గురించి నేను అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. దానికి మీ వాళ్లెవరూ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

మా ఇంట్లో పదకొండేళ్లుగా మీ ఇసబ్‌గోలే వాడుతున్నాం. మా అత్తగారి మలబద్ధకానికి రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో నేనే కలిపి ఇచ్చేదాన్ని. మా వీధి మందుల షాపులో వేరే కంపెనీది చవకగా ఇస్తామన్నా తీసుకోలేదు. ఇప్పుడు అవసరం నాది. రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 158 వచ్చింది. మాత్ర మొదలుపెట్టే ముందు మూడు నెలలు ఆహారం మార్చుకుని, ఇసబ్‌గోల్ వాడి చూద్దామన్నారు డాక్టరు గారు. ఈ పీచు పేగుల్లో జిగురుగా మారి పైత్యరసాన్ని పట్టి బయటికి తీసుకుపోతుందని, మళ్లీ పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుందని ఓపికగా వివరించారు. రోజుకు 7 గ్రాముల కరిగే పీచు అందాలని చీటీ మీద రాసిచ్చారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1998లో గుండె జబ్బుల విషయంలో ఒప్పుకున్న మోతాదు కూడా అదే. చక్కెర, రుచి కలపని ఉత్త ఇసబ్‌గోల్ పొట్టు అయితే సుమారు 10 గ్రాములు సరిపోతుంది. నేను కొన్నది మీ నారింజ రుచి పొడి. చక్కెర కలిసిన పొడిలో చెంచాకు కరిగే పీచు ఎంత, చక్కెర ఎంత? ఇదే నా ప్రశ్న.

ఆ వివరాలున్న చోటే మీరు ధర స్టిక్కరు అతికించారు. కొబ్బరినూనె రాసి, గోటితో మెల్లగా గీకాను. "రోజుకు" అన్న మాట మిగిలింది. దాని పక్కనున్న అంకె స్టిక్కరుతో పాటే ఊడి వచ్చింది.

మొదటిసారి ఫోను చేస్తే ఇరవై రెండు నిమిషాలు సంగీతం వినిపించి, ఒక అమ్మాయి ఫిర్యాదు సంఖ్య ఇచ్చింది. రెండు రోజులాగి చేస్తే ఆ సంఖ్య ఇంకెవరిదో అన్నారు. డబ్బా ఫొటోలు పంపమంటే నాలుగు పంపాను. అక్షరాలు కనబడటం లేదని తిప్పి పంపారు. అక్షరాలు కనబడటం లేదన్నదే కదా నా ఫిర్యాదు! ఇంకొకాయన డెలివరీ వాళ్లను అడగమన్నారు. షాపుకు నడిచి వెళ్లి కొన్న డబ్బాకు డెలివరీ వాళ్లెక్కడి నుంచి వస్తారు? పై అధికారితో మాట్లాడిస్తామని రెండుసార్లు చెప్పి, రెండుసార్లూ ఫోను పెట్టేశారు.

ఏడోసారి మాట్లాడిన అబ్బాయి మాట మాత్రం క్షమించలేను. "పీచే కదమ్మా, ఎంత వేసుకున్నా పరవాలేదు" అన్నాడు. చాలినన్ని నీళ్లు లేకుండా తీసుకుంటే ఇది గొంతులోనే ఉబ్బి ఊపిరాడకుండా చేయగలదని అతనికి ఎవరైనా చెప్పారా? నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలని డాక్టరు గారు హెచ్చరించారు. ఆ విషయం చెప్పినా అతను వినిపించుకోలేదు. నా స్థానంలో మింగడం కష్టమైన పెద్దావిడ ఉండి, ఆ మాట నమ్మి ఉంటే?

డబ్బా ఖరీదు నాకు ముఖ్యం కాదు, అయినా అది కూడా తిరిగి ఇవ్వాల్సిందే. డాక్టరు గారిచ్చిన మూడు నెలల్లో ఇరవై ఆరు రోజులు కొలత తెలియకుండానే గడిచిపోయాయి. ఆ రోజులు మీరు తిరిగి ఇవ్వగలరా? నాకు ఆహార విషయాలు తెలిసిన మనిషి సంతకంతో రాతపూర్వకంగా జవాబు కావాలి. ఎంత వేసుకున్నా పరవాలేదన్న మాట తప్పని అందులో ఒప్పుకోవాలి. మోతాదు మీద స్టిక్కరు అంటించిన డబ్బాలను షాపుల నుంచి వెనక్కి తెప్పించాలి.

పది రోజులు చూస్తాను. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, ఆహార భద్రత అధికారులకూ రాస్తాను. ఏడు ఫోన్ల తేదీలూ, సమయాలూ నోటుపుస్తకంలో ఉన్నాయి. స్టిక్కరు ఊడిన డబ్బాను కూడా పారేయకుండా అలమారాలో దాచి ఉంచాను.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ ఇసబ్‌గోల్ కొన్న ఒక గృహిణి
రాజమహేంద్రవరం