మీటరు వెనక్కి నడిచిన కారు గురించి ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా
తేదీ: 21 జూలై 2025

మేనేజరు గారికి,
సెకండ్ హ్యాండ్ కార్ల విభాగం, విశాఖపట్నం బ్రాంచి

విషయం: ఏప్రిల్ 19న మీ దగ్గర కొన్న 2015 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ కారు మీటరు తిప్పి అమ్మడం, తనిఖీ చేయకుండానే చేసినట్టు రిపోర్టు ఇవ్వడం, ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

ఇప్పటికి మీ కస్టమర్ కేర్‌కు పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటినుంచి. అందుకే ఇక కాగితం మీద పెడుతున్నాను. ఇది రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ వస్తుంది.

నేను ఇచ్ఛాపురం దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఇల్లు బరంపురంలో. నాన్నగారు కట్టిన ఇల్లు, అమ్మ కదలనంటుంది, అందుకని రోజూ గిరిసోల దాటి ఆంధ్రలోకి వెళ్లి సాయంత్రం మళ్లీ ఒడిశాలోకి వస్తాను. పోను రాను యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. పద్దెనిమిదేళ్లు బస్సులోనో, మోటార్ సైకిల్ మీదో, తర్వాత ఒక ఆల్టోలోనో ఈ దారి తిరిగాను. నలభై ఆరేళ్లు వచ్చాక, ఒక్కసారైనా మనసుకు నచ్చిన బండి నడపాలనిపించింది. రెండు తలుపుల అసలు సిసలు స్పోర్ట్స్ కారు నా జీతానికి అందదు. మాలాంటివాళ్లకు స్పోర్ట్స్ కారంటే ఇలాంటిదే: 1.2 లీటర్ల టర్బో ఇంజన్, 105 పీఎస్ పవర్, 1,500 ఆర్పీఎం దగ్గరే అందే 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు.

ఈ సంగతంతా మీ సేల్స్ కుర్రాడికి మొదటి రోజే చెప్పాను. ఆదివారాలు బీచ్ రోడ్డులో తిప్పడానికి కాదు, రోజూ బడికి వెళ్లడానికి, హైవే కొంత, ఊళ్లో ట్రాఫిక్ కొంత అని వివరంగా చెప్పాను. "డైలీ డ్రైవ్‌కి దీన్ని మించింది లేదు మాస్టారూ, ఒకే ఓనరు, 51 వేలే తిరిగింది, మా వాళ్లు రెండొందల పాయింట్లు చెక్ చేశాకే ఫ్లోర్ మీదకి వస్తుంది" అన్నాడు. ఆ మాట మీద 4,65,000 రూపాయలు కట్టాను. ఇదే కారు బయట బ్రోకర్ దగ్గర నలభై యాభై వేలు తక్కువకు దొరికేది. ఆ తేడా నేను కట్టింది మీ తనిఖీకి. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి. పాత బండి పాడైందని నేను గొడవ చేయడం లేదు. పాత బండి పాడవుతుందని నాకూ తెలుసు.

నా తప్పు కూడా చెప్పేస్తాను. డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి లోపలి స్పాంజి కనబడుతోందని ఆ రోజే చూశాను. బ్రేక్ పెడల్ రబ్బరు మీది గీతలు అరిగి నున్నగా ఉన్నాయనీ చూశాను. యాభై వేల కిలోమీటర్లకే ఇంత అరుగుతుందా అని అడిగితే, "మొదటి ఓనరు కొంచెం భారీ మనిషి సార్" అన్నాడు మీ కుర్రాడు. నమ్మాను. అప్పటికే కళ్లు ఎర్రరంగు మీద ఉన్నాయి, చెవులు ఇంజన్ మీద ఉన్నాయి.

వేసవి సెలవులు బాగానే గడిచాయి. గోపాల్‌పూర్ రెండుసార్లు వెళ్లాం. తెల్లవారుజామున కంచిలి వైపు ఖాళీ హైవే మీద కాలు నొక్కితే బండి లాగిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. బండి మీద నాకు కోపం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జూన్ 12న బడులు తెరిచారు. తొమ్మిది రోజులకు, 21వ తేదీ సాయంత్రం, గిరిసోల దాటాక వెనక టైరులో మేకు దిగింది. వాన పడుతోంది. డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తి స్టెప్నీ బయటకు తీశాను. గుంటలో రెండు వేళ్ల లోతు నీళ్లు, తుప్పు పట్టిన జాకీ, దాని కింద అడుగుకు అతుక్కుపోయిన ఒక కాగితం. మెల్లిగా ఊడదీసి ఫోన్ లైటు వేసి చూశాను. వీల్ అలైన్‌మెంట్ చేసిన షాపు ఇచ్చే స్లిప్పు. సగం అక్షరాలు కరిగిపోయాయి గానీ మన బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు శుభ్రంగా ఉన్నాయి. తేదీ 17 నవంబర్ 2021. కిలోమీటర్లు 96,430.

మీరు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఇన్‌వాయిస్‌లో రాసిన రీడింగ్ 51,870.

పదో తరగతి పిల్లలకు ఇస్తే రెండు నిమిషాల్లో చేస్తారు. 41 నెలల్లో 44,560 కిలోమీటర్లు తగ్గాయి. అంటే ఈ కారు సగటున నెలకు 1,087 కిలోమీటర్ల చొప్పున వెనక్కి నడిచింది. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, దూరానికి రుణ సంఖ్య రావడం ఇదే మొదటిసారి చూడటం.

అన్నట్టు, ఆ స్టెప్నీలో గాలి కూడా లేదు. పక్కన నాలుగు గీతలు పగిలి ఉన్నాయి. మీ తనిఖీ రిపోర్టులో "స్టెప్నీ, జాకీ: బాగున్నాయి" అని టిక్కు ఉంది. ఇంటికొచ్చాక ఆ రిపోర్టు పట్టుకుని మిగతా నాలుగు టైర్లూ చూశాను. "టైర్లు: 80 శాతం" అని రాశారు. టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా నాలుగు టైర్లలో మూడింటి మీద 3118 అని ఉంది. అంటే 2018లో ముప్పై ఒకటో వారం. ఏడేళ్ల రబ్బరుకు పైన నల్ల పాలిష్ పట్టించి 80 శాతం అన్నారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే కదా.

నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. ఎవరైనా ఒక్క మనిషి, ఒక్కసారి, ఆ కార్పెట్ ఎత్తి ఉంటే ఆ స్లిప్పు వాళ్ల చేతికి దొరికేది. ఎత్తలేదు. ఎత్తకుండానే టిక్కు పెట్టారు. మరి మిగతా 199 టిక్కులు ఎలా పెట్టారో నేనెలా నమ్మను? మీటరు తిప్పింది మీరేనని నేను అనడం లేదు, మీకు అమ్మినవాళ్లు తిప్పి ఉండొచ్చు. కానీ 51,870 అని మీ లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి, దాని మీద ధర కట్టింది మీరు.

గేర్‌బాక్సు సంగతి. జూలై మొదటి వారం నుంచి ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణికేది. మీ సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తే "డీఎస్‌జీ అంటే అలాగే ఉంటుంది సార్, టెన్షన్ పడకండి" అన్నారు. జూలై 8న బడిలో ప్రహరీ గోడకు ముక్కు ఆనించి పార్క్ చేశాను. నాలుగున్నరకు బయటకు తీద్దామంటే రివర్స్ పడలేదు. డాష్‌బోర్డు మీద గేరు గుర్తు ఆరి వెలుగుతోంది. రెండుసార్లు ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. ఊహూఁ. చివరికి పదో తరగతి పిల్లలు ఏడుగురు వచ్చి బానెట్ మీద చేతులు వేసి "హైలెస్సా" అంటూ బండిని వెనక్కి తోశారు. ఉద్దానం పిల్లలు, అలా పాడటంలో వాళ్లకు వాళ్లే సాటి. "మాస్టారి స్పోర్ట్స్ కారు" అని మర్నాటికి బడంతా పాకింది. బండికి రివర్స్ పోయింది గానీ మీటరుకు మాత్రం బ్రహ్మాండంగా పని చేసింది.

ఈ గేర్‌బాక్సులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. ఒకటి, మూడు, అయిదు, ఏడు గేర్లు ఒక క్లచ్ మీద, రెండు, నాలుగు, ఆరు, రివర్స్ ఇంకో క్లచ్ మీద నడుస్తాయి. నాకు పోయింది సరి సంఖ్యల వైపు. బేసి గేర్లతోనే, ఎక్కడా వెనక్కి తీయాల్సిన అవసరం రాకుండా చూసుకుంటూ బరంపురం చేరాను. మర్నాడు అస్కా రోడ్డులో ఒక మెకానిక్ స్టీరింగ్ కింద సాకెట్‌లో స్కానర్ పెట్టి చూశాడు. తెర మీద పైకీ కిందకీ జరిపి, నా వైపు తిరిగి, "గాడి బహుత్ చాలిచి, సార్" అన్నాడు. బండి చాలా తిరిగిందట. గేర్‌బాక్సు కంప్యూటర్‌లో పాత ఫాల్ట్ ఒకటి నిలిచిపోయి ఉంది. ఫాల్ట్ వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లున్నాయో అది కూడా రాసుకుంటుంది. అక్కడున్న అంకె 1,08,212. మీటరు తిప్పినవాడికి ఇక్కడొక సాక్షి ఉంటాడని తెలియలేదు.

క్లచ్ సెట్టు మార్చడానికి అధీకృత సర్వీసు సెంటర్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్ 1,12,000. మీరిచ్చిన ఆరు నెలల ఇంజన్, గేర్‌బాక్సు వారంటీ కింద అడిగితే, "క్లచ్ అరుగుదల భాగం, వారంటీలో రాదు" అని మెసేజ్ పెట్టారు. అరుగుతుంది, ఒప్పుకుంటాను. ఎంత తిరిగితే అరుగుతుంది? మీరు చెప్పినట్టు యాభై వేలకా, బండి చెబుతున్నట్టు లక్ష దాటాకా? అదొక్కటీ తేల్చండి చాలు.

"ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను అని సంతకం పెట్టారు కదా" అని మీ ఏరియా మేనేజరు గారు ఫోన్‌లో అన్నారు. పెట్టాను. ఉన్నది ఉన్నట్టుగా చూపించి ఉంటే ఆ సంతకానికి కట్టుబడేవాణ్ణే.

ఇక ఎన్ఓసీ. బండి ఏపీ 31 నంబరు. నేను ఒడిశాలో ఉంటాను కాబట్టి ఫారం 28 మీద విశాఖ ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ వస్తే తప్ప ఇక్కడ టాక్స్ కట్టి ఓడీ 07 నంబరు తీసుకోలేను. ముప్పై రోజుల్లో ఇస్తామన్నారు, తొంభై మూడు రోజులైంది. రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డు వాహన్‌లో చూస్తే ఇంకా పాత ఓనరు పేరే, పైగా ఆయన తీసుకున్న లోన్ తాలూకు హైపోథికేషన్, అంటే తాకట్టు కూడా అలాగే ఉంది. లోన్ తీరిందని తెలిపే ఫారం 35 లేకుండా అది తొలగదు, అది తొలగకుండా ఎన్ఓసీ రాదు. బాకీ ఉన్న బండిని బాకీ లేదని అమ్మారన్నమాట. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు అధికార పత్రం తీసుకోవాలి, బండి చేతికి రాగానే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పంపాలి, ఆపైన బాధ్యత డీలరుదే. ఈ బండికి ఆ ఫారం పంపారా? పంపి ఉంటే ఆ కాపీ నాకివ్వండి. రోజూ రాష్ట్రం సరిహద్దు దాటే మనిషిని. ఎవరో ముక్కూ మొహం తెలియనాయన పేరున్న ఆర్సీ చేతిలో పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. చెకింగ్‌లో ఆపిన ప్రతిసారీ ఈ కథంతా మొదలుపెట్టాలి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో.

నేను అడిగేది ఇది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో బండి వెనక్కి తీసుకుని 4,65,000 పూర్తిగా తిరిగి ఇవ్వండి. ఇన్సూరెన్స్‌కు 9,800, స్కానింగ్‌కు 1,500 అయింది, అవి కూడా. "క్లచ్ సగం ఖర్చు మేం పెట్టుకుంటాం" అని మొన్న మీ వాళ్లు ఒక మాట అన్నారు. నాకది అక్కర్లేదు. క్లచ్ మారిస్తే రివర్స్ వస్తుంది గానీ పోయిన కిలోమీటర్లు మీటరులోకి రావు. రేపు నేను ఈ బండి ఇంకొకరికి అమ్మాల్సి వస్తే ఏ అంకె చెప్పి అమ్మాలి? అబద్ధం చెప్పలేను, నిజం చెబితే ఎవరూ కొనరు.

గడువులోగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. విశాఖ వచ్చి తిరగలేడులే అని మీ వాళ్లు అనుకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. జిల్లా కమిషన్ బరంపురంలోనే ఉంది. కొన్న ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. బడి అయ్యాక సాయంత్రాలు నాకు ఖాళీయే.

ఇన్‌వాయిస్, మీ తనిఖీ రిపోర్టు, అలైన్‌మెంట్ స్లిప్పు, స్కాన్ రిపోర్టు, టైర్ల ఫొటోలు, వాహన్ వివరాలు అన్నింటి కాపీలు జత చేశాను. స్లిప్పు అసలు కాగితం మాత్రం ఎండబెట్టి నా దగ్గరే ఉంచుకున్నాను, అది ఇవ్వను.

బండి మా ఇంటి ముందు ఉంది. మీ వాళ్లు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు రివర్స్‌తో పని లేకుండా ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టించాను.

ఇట్లు,
లెక్కల మాస్టారు, బరంపురం
(పేరు, ఫోన్ నంబరు మీ ఇన్‌వాయిస్‌లో ఉన్నాయి)