వరండాలో పొగ గురించి

అందరికీ నమస్తే. ఆదివారం మా తమ్ముణ్ని చూడటానికి తాగుడు మాన్పించే సెంటర్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి ఇదే మనసులో తిరుగుతోంది. గ్రూప్ సెషన్ అవగానే ఏడెనిమిది మంది వరండాలో సిగరెట్లు వెలిగించారు, ఆ పొగంతా కిటికీలోంచి నేరుగా వాడి మంచం మీదికే, దిండు గలీబు కూడా అదే వాసన. మందు మానడానికి చేరినవాడు, ఎప్పుడూ సిగరెట్ ముట్టనివాడు, రోజంతా పక్కవాళ్ల పొగ పీలుస్తున్నాడు. సిగరెట్ మానేసి వచ్చినవాళ్లకైతే ఆ వాసనకే మళ్లీ మనసు లాగుతుంది.

"ముందు మందు మాననీయండి, సిగరెట్ సంగతి తర్వాత" అంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ పక్కవాళ్ల పొగ ఇంతవరకైతే పర్లేదు అనే మోతాదే లేదు, ఫ్యాన్ వేసినా కిటికీ తీసినా పూర్తిగా పోదు. ఆసుపత్రుల్లో పొగ తాగడం 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం నిషేధం కూడా.

సిగరెట్ తాగేవాళ్ల మీద కోపం లేదండీ, వాళ్లూ మన పిల్లల్లాంటివాళ్లే. వాళ్లకి సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ గమ్మో ప్యాచో డాక్టర్‌తో ఇప్పించమని, గదుల దగ్గర పొగ ఆపించమని సెంటర్‌వాళ్లని అడుగుదాం. వచ్చే ఆదివారం నాతో ఎవరెవరు వస్తారో చెప్పండి.