తడిసిన మా బడి గ్రంథాలయాన్ని నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

ఇటీవల ఒక రాత్రి ఎడతెరిపి లేకుండా కురిసిన వానకు మా ప్రాథమిక పాఠశాల గ్రంథాలయ గది పైకప్పు కారి, గోడ వారగా ఉన్న బీరువాలలోని పుస్తకాలు, ఆ పక్క అలమరలో భద్రపరిచిన పాత అడ్మిషన్ రిజిస్టర్లు తడిసిపోయిన సంగతి మీలో చాలామందికి తెలిసిందే. ఆ పుస్తకాలలో ఎక్కువ భాగం ఇప్పుడు మళ్లీ పిల్లల చేతికి ఇవ్వదగిన స్థితికి వచ్చాయి. రిజిస్టర్లలో చదవడానికి వీలుకాని పేజీలు చాలా కొద్ది. ఇందుకు కారణమైన తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, ఇరుగుపొరుగు వారికి, మా సిబ్బందికి పాఠశాల తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. పేరుపేరునా చెప్పాలని ఉన్నా, తమ పేర్లు రాయవద్దని పలువురు కోరినందువల్ల పేర్లకు బదులు చేసిన పనులే రాస్తున్నాను. ఎవరి పనిని వారు ఇట్టే గుర్తుపడతారు. “సహకరించిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు” అన్న ఒక్క వాక్యంతో ముగించడం సులువే గానీ, ఏం చేయడం వల్ల పుస్తకాలు దక్కాయో తెలిస్తే అది రేపు ఇంకొక బడికీ పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత మూడో తరగతి విద్యార్థి తండ్రి అయిన ఎలక్ట్రీషియన్ గారికి చెందాలి. తెల్లవారేసరికి గది నేల మీద నీరు నిలిచి ఉంది, స్విచ్ బోర్డులోకీ చెమ్మ దిగింది. పుస్తకాలు కళ్లెదుట నానుతుంటే గుమ్మం దగ్గర ఆగిపోవడం ఎవరికైనా కష్టమే. ఆయన మాత్రం మెయిన్ ఆపి, బోర్డు విప్పి చూసి, సరేననే దాకా ఒక్కరినీ లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. అప్పుడు కొందరు విసుక్కున్న మాట నిజమే. నీళ్లలో నిలబడి కరెంటుతో ఆటలాడకూడదని పిల్లలకు పాఠం చెప్పే చోట పెద్దలు ఆ మాత్రం ఓపిక పట్టడం న్యాయమేనని నా అభిప్రాయం. ఆ తరువాత వరండాలోని పొడి లైను నుంచి వైర్లు లాగి, ఫ్యాన్లన్నీ తిరిగే ఏర్పాటు చేసిందీ ఆయనే.

రెండో తరగతి చదువుతున్న ఒక పాప నాయనమ్మ గారు గ్రంథాలయాధికారిగా పనిచేసి పదవీ విరమణ చేశారన్న విషయం ఆ రోజు దాకా మాకు తెలియదు. ఆవిడ వచ్చీ రాగానే అడిగింది ఎన్ని పుస్తకాలు తడిశాయని కాదు, ఎప్పుడు తడిశాయని. తేమ, వెచ్చదనం కలిసిన చోట తడి కాగితానికి 48 గంటలలోపే బూజు పట్టడం మొదలుకావచ్చనీ, ఒకసారి బూజు పట్టాక పుస్తకాన్ని ఆరబెట్టడం కంటే దాన్ని మిగతా వాటి నుంచి, పిల్లల నుంచి దూరంగా ఉంచడమే పెద్ద పని అవుతుందనీ ఆవిడ వివరించారు. అందుకే కనపడినదల్లా ఆరబెట్టకుండా ముందు వరుస నిర్ణయించారు. మళ్లీ ఎక్కడా కొనలేని రిజిస్టర్లు మొదట, పిల్లలు చేతితో రాసి బొమ్మలు వేసి కుట్టుకున్న తరగతి పత్రికలు ఆ తరువాత, వాటి వెనుక నున్నటి కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు, చివరగా మామూలు కథల పుస్తకాలు. ఖరీదైన విజ్ఞాన సర్వస్వాలను పక్కన పెట్టి పిల్లల గీతలున్న పత్రికలను ముందుకు తెచ్చినప్పుడు మాలో కొందరు ఆశ్చర్యపోయారు. అచ్చు పుస్తకానికి మరో ప్రతి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఈ పత్రికలకు రెండో ప్రతి లేదు. ఆవిడ లెక్క అది.

రిజిస్టర్ల పని భుజాన వేసుకున్నది మా పూర్వ విద్యార్థులు. ఎన్నో ఏళ్ల తరువాత పుట్టిన తేదీకో, చదువుకున్నట్టు ధ్రువపత్రానికో బడికి వచ్చేవారికి ఆధారం ఆ రిజిస్టర్లలోని ఒక్క వరుసే. ఆ వరుస చెరిగిపోతే ఎవరో ఒక మనిషి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. బాల్‌పెన్ను సిరా నూనె ఆధారంగా తయారయ్యేది కాబట్టి ఆ పేజీలలో అక్షరాలు దాదాపు చెక్కుచెదరలేదు. అంతకుముందు కాలంలో ఫౌంటెన్ పెన్నుతో రాసిన పేజీలలో మాత్రం నీటిలో కరిగే నీలిసిరా అంచుల వెంబడి పాకి, కొన్ని ఇంటిపేర్లు పక్క గడిలోకి కారాయి. పేజీని ఆరబెట్టడం మొదలుపెట్టక ముందే, అది ఎలా ఉంటే అలాగే ఫోనులో ఫొటో తీసి పెట్టాలన్న ఆలోచన పూర్వ విద్యార్థులలో ఒకరిది. ఒకరు పేజీ కిందికి పలుచని ప్లాస్టిక్ రేకు జొనిపి, చిరగకుండా నెమ్మదిగా ఎత్తుతుంటే, ఇంకొకరు ఫొటో తీయడం, మరొకరు పేజీ సంఖ్యను బయటికి చదువుతూ కాగితం మీద రాసుకోవడం, ఇలా రాత్రి పొద్దుపోయే దాకా సాగింది. తన తాతగారు బడిలో చేరిన నాటి నమోదు కనపడినప్పుడు ఒక యువకుడు పని ఆపి చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయాడు. తరువాతి పేజీ తిప్పమని ఎవరూ తొందరపెట్టలేదు.

తడి పేజీల మధ్య పెట్టడానికి కాగితం ఎంత కావాలో పని మొదలయ్యాక గానీ మాకు అర్థం కాలేదు. చాలామంది ఇళ్ల నుంచి పాత వార్తాపత్రికలు తెచ్చారు. వాటి సిరా తడి పేజీకి అంటుకుంటుందని తెలిసి, వాటిని నేల మీద పరవడానికి మాత్రమే వాడాము. ముద్రణ పనిలో ఉన్న ఒక తల్లి, అచ్చుయంత్రం మీద రీళ్ల చివర మిగిలిపోయే అచ్చువేయని తెల్ల న్యూస్‌ప్రింటును మోపులుగా పంపించారు. నీటిని బాగా పీల్చే కాగితం అది. మా అవసరానికి అంతకంటే తగినది దొరికేది కాదు. పూర్తిగా తడిసిన కాగితాలను తీసి పొడివి పెట్టే పని గంటగంటకూ చేయవలసి వచ్చింది. ఉద్యోగాలకు వెళ్లేవారు తెల్లవారుజామున, ఇంటి పని ముగించుకున్నవారు మధ్యాహ్నం, దుకాణం కట్టేసినవారు రాత్రి వచ్చి వంతులు పంచుకున్నారు. ఎవరినీ పిలవవలసిన అవసరం రాలేదు. మొదటి రోజు సాయంత్రం ఒక తల్లి తలుపు మీద అంటించిన కాగితంలో ఎవరికి వారే తమ సమయం రాసుకున్నారు.

ఇవన్నీ ఆరుబయట ఎండలో పరిచేస్తే ఒక్క పూటలో ఆరిపోవా అని అడిగినవారు చాలామందే ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. సూటిగా ఎండ తగిలితే కాగితం ఒక వైపు త్వరగా ఎండి ముడుచుకుపోతుంది, అట్టలు వంకర తిరుగుతాయి, బొమ్మల రంగులు వెలిసిపోతాయి. కావలసింది వేడి కాదు, కదిలే గాలి. ప్రార్థన జరిగే హాలులో కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్ల గాలి పుస్తకాల మీద నేరుగా కాకుండా గదిలో తిరిగేలా పెట్టి, గట్టి అట్ట పుస్తకాలను పేజీలు విసనకర్రలా విచ్చుకునేటట్టు నిలబెట్టాము. కాగితం మార్చినప్పుడల్లా పుస్తకాన్ని తలకిందులు చేసి నిలిపాము. పలుచని పుస్తకాలు దారాల మీద వేలాడాయి.

బొమ్మల పుస్తకాల విషయం వేరు. నున్నటి కాగితం మీద తెల్ల మట్టి వంటి ఖనిజపు పూత ఉంటుంది. తడిసిన పేజీలు ఒకదానిపై ఒకటి ఉండగానే ఆరిపోతే ఆ పూత జిగురులా పనిచేసి పుస్తకమంతా ఒకే పలకగా బిగుసుకుంటుంది. ఆ తరువాత విడదీయబోతే బొమ్మలు ఊడివస్తాయి. అన్నింటినీ ఒకేసారి విడదీసి ఆరబెట్టేంత మంది మాకు లేరు. అప్పుడు ఇంట్లో పెద్ద ఫ్రీజరు ఉన్న ఒక కుటుంబం ముందుకు వచ్చింది. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, పేజీలు అంటుకోవు, తీరిక చిక్కినప్పుడు కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఒక్కో పుస్తకాన్ని మైనపు కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వెన్ను కిందికి ఉండేలా పేర్చారు. ఆ ఇంటివారు తమ సరుకంతా చుట్టాల ఇంటికి తరలించి మరీ మాకు చోటు ఇచ్చారని తరువాత తెలిసింది.

మిగిలిన పుస్తకాలను కుటుంబాలు ఇళ్లకు తీసుకువెళ్లి ఆరబెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఇచ్చినవన్నీ తిరిగి వస్తాయా అన్న సందేహం ఒకరిద్దరికి కలిగింది. నాయనమ్మ గారు అప్పుడు 1988 నాటి సంఘటన చెప్పారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నగరంలో ఉన్న సైన్సు అకాడమీ గ్రంథాలయం అగ్నిప్రమాదానికి గురైంది. మంటలు ఆర్పడానికి చిమ్మిన నీటిలో లెక్కలేనన్ని పుస్తకాలు తడిసిపోతే, నగరవాసులు వాటిని ఇళ్లకు తీసుకువెళ్లి ఆరబెట్టి తెచ్చి ఇచ్చారు. ఇంటికి పంపాలో వద్దో అన్న చర్చ ఆ మాటతో ముగిసింది. ప్రతి పుస్తకం లోపలి ముద్రలో ఉన్న సంఖ్యను, తీసుకున్న కుటుంబం పేరును రాసుకుని పంపించాము.

పిల్లల గురించి చెప్పకపోతే ఈ కృతజ్ఞత అసంపూర్ణం. బూజు వాసన ఉన్న పుస్తకాల దరిదాపులకు వారిని రానివ్వలేదు. ఆయాసం ఉన్న పిల్లలకు బూజు ప్రమాదకరం కనుక ఆ పని పెద్దలే మాస్కులు, చేతి తొడుగులు వేసుకుని చేశారు. నాలుగు, ఐదు తరగతుల వారికి అప్పగించినది వేరే పని. తడికి జిగురు ఊడి రాలిపోయిన కార్డులను, లోపలి ముద్రలోని సంఖ్య చూసి ఏ పుస్తకానిదో గుర్తించి తిరిగి జత చేయాలి. పెద్దలం తప్పులు చేస్తున్న చోట వారు చేయలేదని ఒప్పుకోవాలి. పుస్తకం తీసుకున్న వారి పేర్లున్న ఒక కార్డులో తన అక్క పేరు మూడు సార్లు కనపడేసరికి ఐదో తరగతి బాలుడొకడు ఆ పుస్తకం ఆరగానే మొదట తనకే ఇవ్వాలని అక్కడికక్కడే చీటీ రాసి పెట్టుకున్నాడు. ఒకటో తరగతి పిల్లలు ఆరిన పుస్తకాల దొంతరలకు రంగు చీటీలు కట్టారు. కొన్ని చీటీల మీద అంకెల కంటే పువ్వులే పెద్దవిగా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచాము.

ఉదయపు ప్రార్థనలో ఒక ఉపాధ్యాయుడు 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరపు జాతీయ గ్రంథాలయాన్ని ముంచెత్తిన కథ చెప్పారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువతీయువకులు బారులు తీరి నిలబడి, బురదలో కూరుకుపోయిన పుస్తకాలను చేతి నుంచి చేతికి అందిస్తూ బయటికి చేర్చారు. వారిని లోకం ‘బురద దేవదూతలు’ అని పిలిచింది. తడిసిన పుస్తకాలను కాపాడే ఆధునిక పద్ధతులు చాలావరకు ఆ వరద తరువాతే రూపుదిద్దుకున్నాయి. కథ ముగిశాక పిల్లల నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, ఆ దేవదూతలకు బడి సెలవు ఇచ్చారా అని. మేము సెలవు ఇవ్వలేదు. గ్రంథాలయ పీరియడు కూడా ఆగలేదు. ఉపాధ్యాయులు చెట్టు కింద కూర్చుని, ఆరిన పుస్తకం ఏది ముందు చేతికి వస్తే దానినే చదివి వినిపించారు.

ఆరిన పుస్తకాల కుట్లు ఊడినవి, వెన్ను వదిలినవి బైండింగు పని తెలిసిన ఒక పెద్దాయన చేతికి వెళ్లాయి. ఆయన వాటిని బాగు చేసి ఇవ్వడమే కాక, నేర్చుకోవాలని వచ్చిన తల్లులకు సూది ఎక్కడ గుచ్చాలో, దారం ఎంత బిగించాలో, అలలు తిరిగిన పేజీలను బరువు కింద ఎలా ఉంచాలో నేర్పారు. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించవద్దని ఆయన గట్టిగా చెప్పిన మాటను అందరికీ చేరవేస్తున్నాను. కొన్నాళ్లకు టేపు పసుపుబారి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోనే మిగిలి మరకవుతుంది.

పైకప్పు మీద నీరు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోవడంతో నీరు నిలిచి, పాత పగులు గుండా గదిలోకి దిగిందని పరిశీలనలో తేలింది. గొట్టం శుభ్రపరిచి, పగులు పూడ్చి, వాలు సరిచేసిన మేస్త్రీలు కూలి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. వడ్రంగం తెలిసిన ఇద్దరు తండ్రులు బీరువాలను గోడకు ఎడంగా జరిపి, కింద ఎత్తైన దిమ్మలు అమర్చారు. అందిన విరాళాలు, ఖర్చుల లెక్క తల్లిదండ్రుల కమిటీ సంతకాలతో నోటీసు బోర్డు మీద ఉంది, ఎవరైనా చూడవచ్చు. రోజుకు ఎన్నిసార్లు హాలు తుడవవలసి వచ్చినా ముఖం చిట్లించని మా పారిశుద్ధ్య సిబ్బందికి, ఇతరులు ఇక్కడ పనిచేస్తుండగా వారి చంటిపిల్లలను తమ ఇళ్లలో చూసుకున్న పొరుగువారికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

ఒక విన్నపం. మంచి మనసుతో పాత పుస్తకాల పెట్టెలు తెచ్చి ఇస్తున్నవారికి కృతజ్ఞులమే. అయితే వాటిలో పై తరగతుల గైడ్లు, పేజీలు లేని పత్రికలు చాలా వస్తున్నాయి. వాటిని వేరుచేసే పనిలో ఆరబెట్టే పని వెనకబడుతోంది. దక్కని పుస్తకాల జాబితా తయారవుతోంది. అది నోటీసు బోర్డు మీదికి వచ్చాక, అందులో ఉన్న పుస్తకమే ఇవ్వగలిగితే ఎక్కువ ఉపకారం చేసినవారవుతారు.

ఇళ్లకు తీసుకువెళ్లిన పుస్తకాలు పూర్తిగా ఆరాయో లేదో తెలియాలంటే పుస్తకం మధ్యలో, కుట్టు దగ్గర చేతి వెనుక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మరికొన్నాళ్లు ఉంచుకోండి, తొందర లేదు. ఆరినవాటిని బడి వేళల్లో కార్యాలయంలో అప్పగించి, సంఖ్య సరిచూసుకుని, మీ పేరు ఎదుట టిక్కు పెట్టించుకోగలరు.

— ప్రధానోపాధ్యాయురాలు,
ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కమిటీ తరఫున