సీరియల్ డాక్టర్ల షాక్ వైద్యం

సంపాదకులకు,

అమెరికాలో 1994 నుంచి 2009 దాకా 15 సీజన్లు నడిచిన 'ఈఆర్' సీరియల్ ఈమధ్యే చూడడం మొదలుపెట్టాం. షికాగో ఎమర్జెన్సీ వార్డు కథ. ఆ స్ట్రెచర్ల పరుగులు చూస్తుంటే మన విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి క్యాజువాలిటీయే గుర్తొచ్చింది.

మన సీరియళ్లలో మాత్రం మానిటర్‌పై గుండె కొట్టుకోవడాన్ని చూపే గీత చదునవగానే డాక్టరు ఛాతీకి కరెంటు షాక్ ఇస్తాడు, రోగి కళ్లు తెరుస్తాడు. నిజానికి గీత పూర్తిగా చదునైతే షాక్ పనిచేయదు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. నిరుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కుప్పకూలితే టెన్షన్‌లో అందరం సోడా, ఉల్లిపాయ అంటూ పరిగెత్తాం గానీ 108కి ఫోన్ చేయాలని ఎవరికీ వెంటనే తోచలేదు. నిర్మాతలు ఆ నొక్కడమేదో ఒక్క సీన్‌లో సరిగ్గా చూపించాలి. తాళిబొట్టు కళ్లకద్దుకునే సీన్ కాస్త తగ్గినా మాకేం ఫర్వాలేదు.

– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం